సజ్జా షెడ్డుల గోథిక్

మా దిక్కు సజ్జ అంటే
కిటికీ మీద ఎండకు అడ్డంబెట్టే చిన్న బిల్ల.
ఇక్కడ సజ్జా అంటే
అడ్డమన్నదే లేని ఎండ.
షార్జా దాటినంక, సిమెంటు లారీలు మలిగే కాడ
తొమ్మిదో నంబరు రేకుల షెడ్డు.
అండ్ల మేం పదకొండు మందిమి
ఎనిమిది నూర్ల ఏండ్ల పాతదాన్ని
ఇరవై రెండు దినాల్ల పోతపోసినం.

అజ్మాన్ల పెండ్లిళ్ళ హాలుకు మొఖం కావాలన్నరట.
రోడెలియో కాయితం పరిచిండు,
నాలుగు మూలలకు నాలుగు నట్లు బరువుబెట్టి.
ఫిలిప్పీనాయన. చిన్నప్పుడు వాళ్ళూరి చర్చిల గంట కొట్టెటోడట.
వచ్చీరాని హిందీల ఒక్కొక్కదాని పేరు చెప్పిండు,
పెండ్లికొచ్చిన చుట్టాలను చూపిచ్చినట్టు.

ఇది మొనదేలిన ఆర్చి.
తమలపాకు కొస మీదికి పట్టి చూడు, గదే.
గుండ్రని ఆర్చి బరువును పక్కలకు నూకుతది,
ఇది కిందికి దించుతది.
అందుకే గోడ పల్చన, కిటికీ పొడుగు.
ఇవి రిబ్బులు, కప్పుకు పక్కటెముకలు.
నాలుగు దిక్కులకెల్లి ఎక్కొచ్చి కలిసేకాడ
ముడి లెక్క ఒక రాయి.
దాన్ని బాస్ అంటరట. నవ్వొచ్చింది.
మా బాసు గూడ గంతే, మీదనే ఉంటడు, చేతికందడు.

కిటికీల రాతి జాలి ట్రేసరీ.
మూడాకులుంటే ట్రెఫాయిల్.
రోజ్ విండో కాడ నేను ఆగిపోయిన.
మా నాయిన బండిచక్రాలు చేసెటోడు.
నడుమ కుండ, చుట్టు పన్నెండాకులు, మీద ఇనుప పట్టా.
"ఇది గులాబీ గాదు భయ్, బండి గీర" అన్న.
ఆ రాత్రి రూముల బెండకాయ కోస్తుంటే
ప్రతి ముక్కల అయిదాకుల కిటికీ.
ఒక్కొక్కటి బుగ్గకు పట్టి వెలుగు చూస్తుంటే
కూర మాడిందని లస్మయ్య తిట్టిండు.

ఫ్లయింగ్ బట్రెస్ అంటే
గోడ బయటికి ఒరగకుండ
దూరం నిలబడి, చెయ్యి చాపి ఒత్తిపట్టేది.
రాతిదైతే, అది తీస్తే చర్చి కూలుతది.
మాది గాజు నూలు కలిపిన సిమెంటు, అరంగుళం మందం.
తడితే ఎండిన సొరబుర్ర మోత.
గోడే దాన్ని మోస్తది, నాలుగు బోల్టుల మీద.

అన్నీ తెల్వని పేర్లే. ఒక్కటి తప్ప.
రాయి మీద రాయి పేర్చేనాడు
ఆర్చి మూసుకునేదాక కింద ఏం మోసింది, అని అడిగిన.
కట్టె, అన్నడు. కట్టె చట్రం.
నడిమి రాయి పడ్డంక పీకేస్తరు.
పేరు సెంట్రింగ్.

చేతుల తాపీ ఆగింది.
జగిత్యాల బస్టాండెనక రేకు బోర్డు మీద
"సెంట్రింగ్ సామాను కిరాయికి ఇవ్వబడును."
అక్షరాలు కూడబలుక్కునే నాటి సంది చూసిన మాట
ఏ దేశం చర్చిలకెల్లి నడిసొచ్చిందో
నా భుజం మీది చెక్కలకు.
ఆ రాళ్ళు ఇంకా నిలబడే ఉన్నయట.
ఆ కట్టెను ఏం జేసిన్రో
అడగలే.

ఆఖరుకు గార్గాయిల్.
కుక్క గాదు, గబ్బిలం గాదు, రెక్కలున్నా ఎగురది.
కప్పు మీది వాననీళ్ళు గోడకు తగలకుండ
నోట్లకెల్లి దూరం ఉమ్ముతది.
"బొక్క అక్కెర్లేదు, ఈడ వానెక్కడిది?" అన్నడు ఇంజనీరు.
పద్నాలుగింటికి నోరు తెరిపిచ్చి
గొంతు మూసి పోసినం.
పదిహేనోదానికి, నమాజు యాళ్ళ షెడ్డు ఖాళీ అయినప్పుడు,
ఒకటిన్నర ఇంచు పైపు పెట్టిన, నోటికెల్లి తోక దాక.
బిగించేనాడు తోకను కప్పు గట్టుకు నేనే కలిపిన.
ఎందుకంటే ఏం చెప్పాలె.
నోరున్నదానికి దారుండాలె.

ఏప్రిల్ల మబ్బు పలిగింది.
రోడ్లు మునిగినయి.
షెడ్డుల మోకాలిలోతు నీళ్ళు, అండ్ల తేలుకుంట అచ్చులు.
రోడెలియో పదకొండు సెకండ్ల వీడియో పంపిండు.
పద్నాలుగు బొమ్మలు నోరు తెరుసుకొని తడుస్తున్నయి,
వాటి కింద గోడంత నల్లటి చారలు.
పదిహేనోది
నడి రోడ్డు దాక ఉమ్ముతున్నది.

రూమోళ్ళు మెడలు చాపిన్రు.
ఏందిరా అది, కోతా?
కాదన్న.
తూము.